ఛందోబోధనము - వ్యక్త్యనుగుణ పాఠ్యక్రమ నిర్మాణము

తెలుగు ఎం.ఏ. తరగతిలో ఛందస్సు బోధించు అధ్యాపకులకు ఒక చిక్కు సుపరిచితము. ఒకే గదిలో కూర్చున్న విద్యార్థులలో కొందఱు ఓరియంటల్ కళాశాలలలో చదివి, వృత్తలక్షణములను కంఠస్థము చేసి వచ్చినవారు. కొందఱు విజ్ఞానశాస్త్రములందో వాణిజ్యశాస్త్రమందో పట్టము పొంది, భాషాభిమానముచే తెలుగువైపు మఱలినవారు. మఱికొందఱు పాఠశాలలలో పనిచేయుచు చదువు సాగించువారు. వీరు కందపద్యమును పిల్లలచే చదివింతురు గాని, దాని గణములను విభజింపవలసి వచ్చినచో సంకోచింతురు. గురులఘు నిర్ణయమును గూర్చి ఒక గంట చెప్పినచో మొదటివారికి అది చర్వితచర్వణము, రెండవవారికి చాలదు. అధ్యాపకుడు వారికిని వీరికిని కాక, నడుమ నెక్కడనో ఉన్నాడని తాను భావించు ఒక ఊహావిద్యార్థికి పాఠము చెప్పుచుండును. ఆ ఊహావిద్యార్థి తరగతిలో లేడు.

ఇట్టి తరగతికి డిజిటల్ సాధనముల తోడ్పాటుతో, ఎవరి అవసరమునకు తగిన పాఠము వారికి అందునట్లు పాఠ్యక్రమమును నిర్మించుట ఎట్లు అను విషయమును ఈ వ్యాసమున విచారింతుము. మా అభిప్రాయమును ముందుగనే నివేదించుచున్నాము. వ్యక్త్యనుగుణత యంత్రమునందు లేదు. విద్యార్థి చేసిన తప్పునకు కారణమేమో తెలియునట్లు ప్రశ్నను కూర్చుటయందున్నది. ఆ కూర్పు శాస్త్రము తెలిసినవాని పని. అది జరుగనిచో ఎంత వెలగల సాధనమైనను అచ్చుపుస్తకమును తెరపై చూపుటకంటె ఎక్కువ చేయజాలదు.

మేఘాశ్రిత సాధనమనగా నేమో ఒకమాట చెప్పవలసియున్నది. పాఠములు, ప్రశ్నలు, విద్యార్థుల సమాధానములు మన గదిలోని కంప్యూటరునందు గాక, దూరమున నెక్కడనో గల సర్వర్లయందు నిలువయుండి, ఇంటర్నెట్టు ద్వారా ఎచ్చటినుండియైనను అందుబాటులో నుండుటయే క్లౌడ్ లేక మేఘవిధానము. 2002లో వెలువడిన మూడిల్, 2014లో వెలువడిన గూగుల్ క్లాస్‌రూమ్ మన అధ్యాపకులకు తెలిసినవే. వీనివలన కలుగు లాభము పైకి స్వల్పముగ కనబడును: విద్యార్థి బస్సులో మొబైల్ ఫోనుపై ఆపిన అభ్యాసమును గ్రంథాలయమున కంప్యూటరుపై అచ్చటినుండియే కొనసాగింపవచ్చును, నలుబదిమంది వ్రాసిన సమాధానములను అధ్యాపకుడు ఒకేచోట చూడగలడు. ఈ రెండవ లాభమే మన ప్రకరణమునకు ముఖ్యము. కాగితములు దిద్దునపుడు మనకు మార్కులు కనబడును. తప్పుల తీరు కనబడదు.

ఎవరి వేగమున వారిని నడిపించుట మనకు క్రొత్త కాదు. బళ్ళారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంబెల్ 1823లో తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించిన క్యాంబెల్ ఇతడే. ఆ జిల్లాలో నాడు 533 బడులుండగా, వానిలో 226 తెలుగు బడులు. బాలురను సాధారణముగ నాలుగు తరగతులుగా విభజించుచుండిరనియు, శక్తిని బట్టియు పురోగతిని బట్టియు బాలుడు ఒక తరగతినుండి మఱియొక దానికి పోవుచుండెననియు, పైవారు క్రిందివారికి నేర్పుచు తమ విద్యను దృఢపఱచుకొనుచుండిరనియు అతడు వ్రాసి, ఆ పద్ధతిని మెచ్చుకొనెను. ఏటికొక తరగతి, తరగతికొక పరీక్ష అను నేటి క్రమము తరువాత వచ్చినది. ఐతే క్యాంబెల్ ఆ బడులలోని లోపమును గూడ దాచలేదు: బాలురు కావ్యములను అర్థము తెలియకయే వల్లించుచుండిరని అతడు విచారపడెను. వేగము ఎవరిది వారిదైనంత మాత్రమున బోధ సరియైనదని చెప్పరాదు.

యంత్రము ద్వారా ఈ పనిని చేయవలెనను యత్నము ఇరువదవ శతాబ్దిలో అమెరికాలో సాగినది. బి. ఎఫ్. స్కిన్నర్ 1950 దశకమున నిర్మించిన బోధనయంత్రము పాఠమును చిన్నచిన్న మెట్లుగా విభజించి, విద్యార్థి తప్పు చేయుట కవకాశమే లేనంత సులభముగా నడిపించెడిది. అందఱకు దారి ఒకటే. వేగము మాత్రము వేఱు. దాదాపు అదే కాలమున నార్మన్ క్రౌడర్ మఱియొక మార్గము చూపెను. అతని పుస్తకములో ప్రతి ప్రశ్నకు కొన్ని సమాధానములుండును. విద్యార్థి ఎన్నుకొనిన సమాధానమును బట్టి అతడు తిప్పవలసిన పుట మాఱును. తప్పు సమాధానము ఎన్నుకొనినవాడు తెఱచు పుటలో ఆ తప్పు ఏల కలిగినదో వివరింపబడియుండును. స్కిన్నర్ తప్పును నివారింప యత్నించెను; క్రౌడర్ తప్పును ఉపయోగించుకొనెను. పేరు స్కిన్నరుకే ఎక్కువ వచ్చినది గాని, మన పనికి క్రౌడర్ చూపిన దారియే దగ్గఱ.

ఈ విధానముల ఫలమును గూర్చి అతిశయోక్తులు బహుళముగా నున్నవి. బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రకటించిన వ్యాసమున, ఒంటరిగా గురువువద్ద నేర్చిన సగటు విద్యార్థి మామూలు తరగతిలోని నూటికి 98 మందిని మించునని చెప్పెను. నేటికిని సాంకేతిక సంస్థల ప్రకటనలలో ఈ సంఖ్యయే కనబడుచుండును. కాని 2011లో కర్ట్ వాన్‌లెన్ పెక్కు పరిశోధనలను సమీకరించి చూడగా, గురువుచే నేర్పబడుటవలని అధిక ఫలము 0.79 ప్రామాణిక విచలనము మాత్రమేయని తేలినది. అనగా అట్టి సగటు విద్యార్థి నూటికి సుమారు 78 మందిని మించును. లెక్క చేయు క్రమమున ప్రతి మెట్టును పరిశీలించు కంప్యూటరు బోధకుల ఫలము 0.76. ఇది స్వల్పము కాదు. రెండింటికి నడుమ భేదము లేదన్నంత కొలదిగా నుండుట గమనింపదగినది. మన దేశమున ఢిల్లీలో 2015-16 మధ్య 619 మంది విద్యార్థులపై మురళీధరన్, సింగ్, గానిమియన్ జరిపిన పరిశోధన 2019లో ప్రకటితమైనది. బడి ముగిసిన తరువాత మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేరుతో కొంతసేపు, చిన్న గుంపులలో ఉపాధ్యాయునితో కొంతసేపు చదివిన పిల్లలు నాలుగున్నర మాసములలో, అట్టి అవకాశము లేనివారికంటె గణితమున 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనముల మేర ముందుకు సాగిరి. ఆ పిల్లలలో పెక్కుమంది తాము చదువుచున్న తరగతి స్థాయికి ఎంతో వెనుకబడియుండిరి. సాఫ్ట్‌వేరు వారికి తరగతి పాఠమును గాక వారు నిజముగా నున్న చోటి పాఠమును చెప్పినది. ఫలమునకు ముఖ్యకారణము అదియేయని మేము తలంతుము.

ఇట నొక అపోహను తొలగింపవలసియున్నది. వ్యక్త్యనుగుణ బోధనమనగానే విద్యార్థులను చూచి నేర్చువారు, విని నేర్చువారు, చేసి నేర్చువారు అని వర్గీకరించి, ఒక్కొక్క వర్గమునకు వేర్వేఱు పాఠములు సిద్ధము చేయవలెనని ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో చెప్పుట తఱచు వినుచున్నాము. 2008లో హెరాల్డ్ పాష్లర్ మొదలగువారు ఈ సిద్ధాంతమును సమర్థించుటకు తగిన ప్రయోగాధారము లేదని స్పష్టపఱచిరి. ఛందస్సు చెవికి సంబంధించినది. ప్రతి విద్యార్థియు పద్యమును వినవలసినదే. కావున విభజింపవలసినది విద్యార్థుల స్వభావములను గాదు, శాస్త్రవిషయమును.

ఆ విభజనను ఇపుడు చూతము. మన లక్షణగ్రంథములును పాఠ్యపుస్తకములును సాధారణముగా ఒక క్రమమును పాటించును: గురులఘువులు, గణములు, యతి, ప్రాస, వృత్తములు, జాతులు, ఉపజాతులు. ఇది గ్రంథరచనకు అనుకూలమైన క్రమము. కాని ఏది తెలియనిచో ఏది తెలియదు అని ప్రశ్నించినచో వేఱొక చిత్రము కనబడును. ప్రాసను గుర్తించుటకు పాదమున రెండవ అక్షరమందలి హల్లును చూచిన చాలును. గణముల పేళ్ళు తెలియనక్కఱలేదు. ఉత్పలమాలలో యతి 10వ అక్షరము, చంపకమాలలో 11వది, శార్దూలమున 13వది, మత్తేభమున 14వది. ఇచ్చట అక్షరములను లెక్కించుట వచ్చిన చాలును. తేటగీతిలో నైతే యతి నాలుగవ గణముయొక్క మొదటి అక్షరము. గణవిభజన తెలియనివానికి ఇది అసాధ్యము. అనగా యతి అను ఒకే శీర్షికక్రింద ఉన్న విషయము రెండు వేర్వేఱు పూర్వజ్ఞానములపై ఆధారపడియున్నది. గణములవద్ద ఆగిపోయిన విద్యార్థిని, అవి వచ్చువఱకు నిలిపివేయుట అవసరము కాదు. ప్రాసకును వృత్తయతికిని అతనిని పంపవచ్చును. ఆ మార్గమున కొంత విజయము రుచిచూచినవాడు గణములకు మఱల వచ్చినపుడు వెనుకటి వెఱపు ఉండదు. ఛందస్సు తనకు రాదని నిశ్చయించుకొని పరిశోధనకు ఆధునిక సాహిత్యమునే ఎన్నుకొను విద్యార్థులు ప్రతి శాఖయందును కలరు. ఆధునిక సాహిత్యముపై మాకు చిన్నచూపు లేదు. ఆ ఎన్నికకు కారణము ఇష్టముగాక భయమగుటయే విచారకరము.

ఈ పటమును గీచిన పిమ్మట ప్రతి మెట్టునకును ప్రశ్నలు కూర్పవలెను. ఇచ్చటనే అసలు శ్రమ. ఒక ఉదాహరణము: "నీకు ప్రియము" అను పదములకు గురులఘువులు గుర్తింపుమని అడుగుదుము. మూడు సమాధానములు ఇత్తుము: గలలలల, గగలలల, గలగలల. మొదటిది సరియైనది. రెండవదానిని ఎన్నుకొనినవానికి సంయుక్తాక్షరమునకు ముందున్న అక్షరము గురువగునను సూత్రము తెలియును; కాని పదములు వేఱైనపుడు తెలుగున ఆ సూత్రము ప్రవర్తింపదని తెలియదు. మూడవదానిని ఎన్నుకొనినవాడు సంయుక్తాక్షరమే గురువని పొరబడినాడు; అతనికి మూలసూత్రమే తెలియలేదు. ఇద్దఱకును మార్కు సున్నయే. కాని మొదటివానికి "నీకు ప్రియము", "రాజప్రియుడు" అను రెండింటిని ప్రక్కప్రక్కన చూపిన చాలును: సమాసమున "జ" గురువైనది, విడిపదములలో "కు" లఘువుగానే నిలిచినది. రెండవవానికి "సత్యము" మొదలుకొని పాఠము చెప్పవలెను. తప్పు సమాధానములను ఊరక పూరించుటకుగా వ్రాసిన ప్రశ్నాపత్రము ఈ భేదమును ఎన్నటికిని కనుగొనలేదు.

మఱియొకటి: "అద్రుచు". ఇందు రేఫసంయోగమునకు ముందున్న అకారము తేల్చి పలుకబడుటచే లఘువు. దీనిని గలల అని గుర్తించువాడు సామాన్యసూత్రమును చక్కగా నేర్చినవాడు. అతని తప్పు అజ్ఞానము కాదు, అపవాదము తెలియకపోవుట. అటులనే "అతఁడు" అనునపుడు అరసున్నను నిండుసున్నగా భావించి రెండవ అక్షరమును గురువనువాడు కలడు. విదేశములలో రోమను లిపి ద్వారా తెలుగు నేర్చిన పిల్లలకు మఱియొక చిక్కు: గుఱుతులు లేని రోమను వ్రాతలో ఎ, ఏలకును ఒ, ఓలకును భేదము కనబడదు గనుక, హ్రస్వదీర్ఘముల మెట్టుననే వారికి ప్రత్యేకాభ్యాసము కావలెను. ఇట్టి తప్పులజాబితాను సమకూర్చుటకు మించిన సాధనసంపత్తి లేదు. ఏండ్ల తరబడి ఉత్తరపత్రములు దిద్దిన అధ్యాపకునికి ఇది మనస్సులో ఉండనే యుండును. కాగితముపై పెట్టుటయే ఆలస్యము.

మెట్టు దాటినట్లు ఎపుడు నిర్ణయింపవలెను? మూడు సమాధానములున్న ప్రశ్నకు ఊహతోనైనను మూడింట ఒకసారి సరిగా చెప్పవచ్చును. వరుసగా నాలుగు ప్రశ్నలకు ఊహతో సరియైన సమాధానము చెప్పు అవకాశము 81లో ఒకటి. కావున వరుసగా నాలుగు సరియైనచో మెట్టు తెఱచుకొనునట్లు నియమించుట మాకు యుక్తముగ తోచును. ఐతే తెలిసినవాడును ఒక్కొక్కపుడు తొందరచే జాఱును. ఊహ, పొరపాటు అను రెండింటిని గణించి విద్యార్థికి తెలిసియుండు సంభావ్యతను కట్టు పద్ధతిని కార్బెట్, ఆండర్సన్ 1990 దశకమున రూపొందించిరి. నలుబదిమంది తరగతికి అంత గణితము అనవసరము. నాలుగవ ప్రశ్నవద్ద తప్పినవానిని మొదటికి త్రోయక, మఱి రెండు ప్రశ్నలు ఇచ్చిన చాలును. దాటిన మెట్టునుండి ఒకటి రెండు ప్రశ్నలను మూడునాళ్ళకు, వారమునకు, మాసమునకు మఱల అడుగవలెను. ఎబింగ్‌హౌస్ 1885లో మఱపును కొలిచి చూపిన నాటినుండి ఈ విషయము స్థిరపడినది; పద్యములను వల్లె వేయించిన మన పెద్దలకు కొలతలు లేకయే తెలిసినది.

సాధనమున ఈ నియమములను అమర్చుట కష్టము కాదు. మూడిల్‌నందు ఒక పాఠమును మఱియొక దాని ఫలముపై ఆధారపడి తెఱచుకొనునట్లు షరతు విధింపవచ్చును. ప్రతి తప్పు సమాధానమునకును ప్రత్యేకమైన వివరణను జతపఱచవచ్చును. క్రౌడర్ పుస్తకమున పుటలు త్రిప్పించినదియే ఇది.

తెలుగునకు మాత్రము ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. విద్యార్థిచే సమాధానము వ్రాయించి యంత్రముచే దిద్దింపదలచినపుడు, యంత్రము అక్షరములను మనవలె చూడదని గుర్తుంచుకొనవలెను. "స్త్రీ" మనకు ఒక అక్షరము. యూనికోడున అది ఆఱు సంకేతములు: మూడు హల్లులు, రెండు పొల్లుగుఱుతులు, ఒక గుడిదీర్ఘము. సామాన్యమైన సాఫ్ట్‌వేరును పాదమున పదవ అక్షరమేది అని అడిగినచో అది పదవ సంకేతమును చూపును. ఉత్పలమాల యతి అచ్చట దొరకదు. కంటికి కనబడని విభజన సంకేతము పదమధ్యమున చేరినను, కంటికి ఒకే తీరున కనబడు రెండు సమాధానములలో ఒకదానిని యంత్రము తప్పనును. అక్షరవిభజనను ముందుగా చేయించి, ఆ పిమ్మట పోల్చుటయే మార్గము. పద్యమునకు గణవిభజన చేసి యతిప్రాసలను పరీక్షించు "ఛందం" వంటి సాఫ్ట్‌వేరు తెలుగున ఇప్పటికే వెలసియున్నది గనుక, ఈ పని మొదటినుండి చేయవలసిన అవసరము లేదు.

గణవిభజన యంత్రమునకు సుసాధ్యమగుటకు కారణము మన ఛందస్సునందే కలదు. ఇంద్రగణములు ఆఱు: నగ, సల, నల, భ, ర, త. వీనిని గురులఘువులుగా వ్రాసి చూచినచో, ఏ గణమును మఱియొక గణమునకు ఆదిభాగము కాదు. సూర్యగణములైన న, హలును అట్టివే. అందుచే తేటగీతి పాదమును ఎడమనుండి విభజించుచు పోయినచో సందేహమునకు తావుండదు. విభజన ఒకటే యగును. ద్విపదకును ఆటవెలదికిని ఇంతే. విద్యార్థికి ఈ రహస్యమును చూపినచో, గణములను పొట్టచేత పట్టుకొని వెదకుట మాని, ధైర్యముగ ముందునకు సాగును.

యంత్రము తడబడు చోట్లు వేఱు. "రాజప్రియ" సమాసమా, రెండు పదములా అను నిర్ణయమునకు అర్థము కావలెను. స్వరయతిలో సంధి మఱుగున నున్న అచ్చును గుర్తించుటకు పదచ్ఛేదము కావలెను. 2022 చివరినుండి వ్యాప్తిలోనికి వచ్చిన సంభాషణాయంత్రములు ఈ లోటును తీర్చునని కొందఱు ఆశించుచున్నారు. అవి సూత్రమును అనువర్తించుటకు గాక, తరువాత రాదగిన పదభాగమును ఊహించుటకై నిర్మింపబడినవి; వాని విభజనము మన అక్షరవిభజనమును అనుసరింపదు. తప్పును గూడ ఒప్పువలె నమ్మకముతో పలుకుట వాని కలవాటు. ఉదాహరణములను విరివిగా సమకూర్చుటకు వానిని వినియోగించి, ఆ ఉదాహరణములను సూత్రబద్ధమైన సాఫ్ట్‌వేరుచేతను, అధ్యాపకునిచేతను పరీక్షింపజేయుట మేలు. పద్యదోషమును నిర్ణయించు అధికారమును వానికి ఈయరాదు.

తరగతి గది ఏమగును అను ప్రశ్న మిగిలియున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క మెట్టుపై ఉన్నపుడు కలిసి చదువుట ఎట్లు? మా ప్రతిపాదనలో గురులఘు గణాభ్యాసము మాత్రమే తెరపై జరుగును. తరగతిలోని గంట అంతయు పద్యపఠనమునకును, కవి యతిస్థానమున అర్థవిరామమును ఎట్లు పాటించెనో, ఎట్లు దాటెనో చర్చించుటకును వినియోగపడును. అధ్యాపకుడు తరగతికి వచ్చుటకు ముందు తప్పులపట్టికను చూచుకొని రావచ్చును: ఈ వారము పదునొకండుగురు విడిపదముల సూత్రమువద్ద ఆగియున్నారని తెలిసినచో, ఆ రోజు చదువు పద్యమును అందుకు తగినదిగా ఎన్నుకొనును. వెనుకబడినవారిని ఎల్లప్పుడును వేఱొక బల్లపై కూర్చుండబెట్టుట వ్యక్త్యనుగుణత కాదు. మెట్టు దాటిన నాడే అతని దారి అందఱ దారిలో కలియవలెను. సాధనమున విద్యార్థి పేరు ప్రక్కన "మందగతి" వంటి ముద్రను ఉంచు సదుపాయమున్నచో దానిని తొలగించుట మంచిది.

పట్టిక అధ్యాపకునికి ఉపకరించినంతగా అన్యులకును ఉపకరింపవచ్చును. ఎవరు ఎచ్చట ఎన్నిమారులు తప్పిరో తెలుపు వివరము ఆ విద్యార్థి సొంతము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణచట్టము పదునెనిమిది ఏండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల అనుమతి అవసరమని విధించినది. ఈ పాఠ్యక్రమమును పాఠశాలలకు కొనిపోవు ఉపాధ్యాయులు ఈ విషయమును మఱువరాదు. ప్రశ్నకోశము మాత్రము శాఖయొక్క ఆస్తి. ఏ సంస్థ సేవను వాడుకొనినను, ప్రశ్నలను, తప్పు సమాధానములను, వాని వివరణలను ఒక సాధనమునుండి మఱియొక దానికి మార్చుకొన వీలగు రూపమున ప్రతి ఆఱుమాసములకు దింపుకొని శాఖ గ్రంథాలయమున భద్రపఱచుకొనవలెను. సేవలు మూతపడవచ్చును, వెలలు పెరుగవచ్చును. "నీకు ప్రియము" అను ప్రశ్నకు కూర్చిన ఆ రెండు తప్పులు మాత్రము ఏ సాధనములోనికైనను తీసికొనిపోదగినవి.